అడగని సెలవు

మందిరంలో మొదటిరోజు నన్ను బట్టలుతికే గదికి పంపించారు. అప్పటికి నాకు అరవై నాలుగేళ్ళు. నా జీవితంలో ఒక జేబురుమాలు కూడా ఉతుక్కుని ఎరగను. పెళ్ళికి ముందు మా అమ్మ చూసుకుంది, పెళ్ళయ్యాక చాకలి, అమెరికా వచ్చాక మా ఆవిడ. అలాంటివాణ్ణి బేస్‌మెంట్‌లో పెద్ద పెద్ద వాషింగ్ మెషీన్ల ముందు నిలబెట్టారు. అక్కడి పనంతా చూసుకునే అమెరికన్ పెద్దావిడ తెల్ల ప్యాంట్ల గుట్ట ఒకటి చూపించి, "నడుం కొలత చూసి వేరు చెయ్యి, బ్రదర్. లోపలి పట్టీ మీద రాసి ఉంటుంది" అంది. మా ఆవిడ నా వంక చూసి నవ్వు ఆపుకుంది.

మాది గుంటూరు దగ్గర మిషన్ క్రైస్తవుల కుటుంబం. నేను మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. ఆవిడ మిషన్ ఆసుపత్రిలో నర్సు. అమెరికా ఆసుపత్రులు నర్సుల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, అరవైల చివర్లో, ముందు ఆవిడే వచ్చింది. రెండేళ్ళ తర్వాత మా ఒక్కగానొక్క కూతుర్ని వెంటబెట్టుకుని నేను వచ్చాను. ఇక్కడ నా లెక్కలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. న్యూజెర్సీలో ఒక గోడౌన్‌లో గుమాస్తాగా చేరి అక్కడే రిటైరయ్యాను. నాకంటే ముప్పై ఏళ్ళు చిన్నవాళ్ళు నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు. వాళ్ళకది మామూలు. నాకు మాత్రం చివరిదాకా మామూలు కాలేదు.

డెబ్భైల చివర్లో మా ఆవిడకి ఆపరేషన్ అయినప్పుడు పక్కింటి దంపతులు నెల రోజులు మాకు తిండి పెట్టారు. ఇల్లు ఊడ్చారు, ఆసుపత్రికి తిప్పారు. వాళ్ళ సంఘానికి వెళ్ళడం అలా మొదలై, రెండేళ్ళలో మేమూ అందులో చేరాం. ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఉద్యోగాలు విరమించిన దంపతులు ఏడాదో ఏడాదిన్నరో మిషనరీలుగా వెళ్ళి, పంపిన చోట, అప్పగించిన పని జీతం లేకుండా చేస్తారు. మమ్మల్ని మందిరం సేవకి పంపారు. మందిరమంటే ఆదివారం పాటలు పాడుకునే చర్చి కాదు. పెళ్ళిళ్ళూ, దేవుడి ముందు చేసే ప్రమాణాలూ జరిగే చోటు. సంఘంలో లేనివాళ్ళకి లోపలికి ప్రవేశం లేదు. లోపలికి వెళ్ళేవాళ్ళందరూ తెల్లబట్టలే వేసుకోవాలి. ఆ తెల్లబట్టలన్నీ ఎవరో ఒకరు ఉతకాలి గదా.

మా అమ్మాయి సంఘంలో చేరలేదు. తనతో పనిచేసే తెలుగబ్బాయిని, హిందువుని, చేసుకుంది. రెండు వైపులా కొన్నాళ్ళు ముఖాలు ముడుచుకున్నాం. పిల్లలు పుట్టాక అందరం మామూలైపోయాం. వాళ్ళిల్లు పిస్కాటవేలో, మా అపార్ట్‌మెంట్‌కి కారులో పది నిమిషాలు. మనవరాలికి ఆరేళ్ళు, మనవడికి మూడు. అమ్మానాన్నలు ఆఫీసుల నుంచి వచ్చేదాకా పిల్లలిద్దరూ మా దగ్గరే ఉండేవాళ్ళు. మేం మందిరానికి వెళ్తున్నామని చెప్పినప్పుడు అమ్మాయి మారుమాట అనలేదు. "ఎయిటీన్ మంత్సా?" అని మాత్రం అడిగింది. ఆ తర్వాత పిల్లల్ని డేకేర్‌లో చేర్చింది.

మందిరం అక్కణ్ణుంచి నాలుగు గంటల దూరం. మంగళవారం నుంచి శనివారం దాకా పని, ఆది, సోమవారాలు సెలవు. నెలకోసారి ఆ రెండు రోజులూ కూతురింటికి వెళ్ళిరావడానికి మందిరం ప్రెసిడెంటుగారు మొదట్లోనే ఒప్పుకున్నారు. ఆయన నాకంటే పదేళ్ళు చిన్నవాడు, వెనకటి జీవితంలో పశువుల డాక్టరు. నెమ్మదైన మనిషి.

ఆ ఆదివారాలు తెల్లవారకముందే బయల్దేరి, పిల్లలు పలహారం చేసే వేళకి చేరేవాళ్ళం. మా ఆవిడ కారు దిగి కోటు విప్పకుండానే వంటింట్లోకి వెళ్ళేది. కందిపొడి, గోంగూర పచ్చడి, పులిహోర, చికెన్ వేపుడు చేసేది. ఒక చేత్తో పోపు వేస్తూ ఇంకో చేత్తో మనవరాలికి జడ వేసేది. నెల్లాళ్ళ అమ్మమ్మతనమంతా రోజున్నరలో చేసేయాలన్న తొందర ఆమెది. నేను సోఫాలో కూర్చునేవాణ్ణి. ఐదు రోజులు నిలబడి పనిచేసిన కాళ్ళు లాగుతుండేవి. నిద్ర ముంచుకొచ్చేది. కళ్ళు తెరిచేసరికి మనవడు నా పొట్టమీదెక్కి నా కళ్ళజోడు నాకే తిరగేసి పెడుతూ ఉండేవాడు.

రెండోసారి వెళ్ళినప్పుడనుకుంటాను, మనవరాలు నిలదీసింది.

"తాతయ్యా, నువ్వు అక్కడ ఏం చేస్తావు?"

"బట్టలు ఉతుకుతానమ్మా."

"ఎవరి క్లోత్స్?"

"మందిరానికి వచ్చేవాళ్ళవి."

 "మా క్లోత్స్ కూడా డర్టీ ఉంది కదా. ఇక్కడే వాష్ చెయ్యి."

అల్లుడు పకపకా నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు. ఆ రోజు మధ్యాహ్నం నేను వాళ్ళ మెషీన్‌లో రెండు విడతలు బట్టలు వేసి, ఆరబెట్టి, మడతలు పెట్టాను. మనవరాలు పక్కన కూర్చుని సాక్సులు జతలు కలిపింది. అయినా సోమవారం మధ్యాహ్నం మేం బయల్దేరేటప్పుడు దాని ముఖం చూస్తే, ఆ జవాబు దానికి చాలలేదని తెలిసింది.

సెప్టెంబరులో వెళ్ళినప్పుడు అమ్మాయి మూడో కాన్పు సంగతి చెప్పింది.

"ఫిబ్రవరిలో డ్యూ, అమ్మా. మిగతా ఇద్దరప్పుడూ నువ్వున్నావు కాబట్టి నాకు ఏం తెలియలేదు. ఈసారి కూడా వస్తావు కదా? ఒక సిక్స్ వీక్స్ లీవ్ తీసుకో చాలు."

"రాకుండా ఎలా ఉంటానే?" అంది మా ఆవిడ. అని నా వైపు చూసింది.

తిరుగుదారిలో కారులో అడిగింది. "మీరు రేపు ప్రెసిడెంటుగారితో మాట్లాడతారా? నాకు ఇంగ్లీషులో ఇలాంటివి అడగడం చేతకాదు."

ఆసుపత్రిలో పదిహేనేళ్ళు డాక్టర్లతో ఇంగ్లీషులో పోట్లాడిన మనిషి ఆ మాట అంటే, అది నాకిచ్చే మర్యాద తప్ప మరోటి కాదు. "అడుగుతాలే" అన్నాను.

మంగళవారం నిజంగానే ఆఫీసు గది దాకా వెళ్ళాను. సెక్రటరీ తలెత్తి ఏం కావాలని అడిగింది. నేను సబ్బు పౌడరు నిండుకుంటోందని చెప్పాను. ఆవిడ కాగితం మీద రాసుకుంది. నేను వెనక్కొచ్చేశాను. బుధవారం వెళ్ళలేదు. గురువారమూ వెళ్ళలేదు. శుక్రవారం పగలు, ఇస్త్రీ యంత్రం దగ్గర దుప్పటి చెరో కొసా పట్టుకుని నిలబడ్డప్పుడు మా ఆవిడ అడిగింది.

"అడిగారా?"

"అడిగాను. నెలకోసారి పంపడమే ఎక్కువంటున్నారు. ఆరువారాలు కుదరదన్నారు."

అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. ముందుగా అనుకున్నది కాదు. దుప్పటి కొస చేతిలో ఉంది, ఆమె అడిగింది, నా నోట్లోంచి అది వచ్చేసింది. ఆమె దుప్పటి మడత సరిచేసి యంత్రంలోకి తోసింది.

ఎందుకలా చేశానని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అక్కడ సేవ చేసే దంపతుల్లో మేం తప్ప అందరూ తెల్లవాళ్ళే. 'ఇండియా నుంచి వచ్చినవాళ్ళు, నాలుగు నెలలు తిరక్కుండానే సెలవంటున్నారు' అని ఎవరైనా అనుకుంటారేమోనని భయం. అదొకటి. ఇంకోటి చెప్పుకోవడానికి సిగ్గు. అక్కడ నన్ను అందరూ బ్రదర్ అని పిలిచేవాళ్ళు. ప్యాంట్లు లెక్కపెట్టి షెల్ఫుల్లో సర్దే పద్ధతి ఒకటి నేను తయారుచేస్తే, దాన్ని గోడకి అంటించి అందరూ పాటించారు. గోడౌన్‌లో పదిహేనేళ్ళలో దొరకనిది నాకక్కడ నాలుగు నెలల్లో దొరికింది. దాన్ని ఆరు వారాలు వదిలి వెళ్ళాలనిపించలేదు. దంపతులు జంటగానే పనిచేయాలని పద్ధతి కాబట్టి, ఆమె వెళ్తే నేనూ వెళ్ళాల్సిందేనని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలన్న పెద్ద మాట దాని మీద కప్పాను.

మా ఆవిడ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పింది.  అది, "ఓకేమా. ఇట్స్ ఓకే. ఏదో ఒకటి చూసుకుంటాంలే" అందట. ఫోన్ పెట్టేసి మా ఆవిడ చాలాసేపు ఆ కుర్చీలోనే కూర్చుంది.

చివరికి అల్లుడు బాపట్ల నుంచి వాళ్ళమ్మగారిని పిలిపించాడు. కాన్పు సంగతుల్లో మన పద్ధతి ఎవరికి తెలియదు? పురుడు పోయాల్సింది పుట్టింటివాళ్ళు. తల్లి నాలుగు గంటల దూరంలో, అందులోనూ నర్సు, ఉండగా అత్తగారు విమానమెక్కి వచ్చి కోడలికి పురుడు పోయడమంటే తలవంపులే. మా ఆవిడ ఆ మాట పైకి అనలేదు. డిసెంబరులో వెళ్ళేటప్పుడు మాత్రం వియ్యపురాలి కోసం ఉన్ని సాక్సులు, శాలువా, చేతి తొడుగులు ఒక పెట్టెనిండా సర్దింది. అవన్నీ ఇచ్చినా తీరేది కాదని నాకు తెలుసు.

మా వియ్యపురాలు భర్త పోయిన మనిషి. ఎముకలు తేలిన చేతులు, పెద్ద గొంతు. చీర మీద కొడుకు కోటు తొడుక్కుని వంటింట్లో నిలబడి మమ్మల్ని ఆహ్వానించింది. కిటికీలోంచి మంచు చూపించి, "ఇదేం దేశమండీ వదినగారూ! పొద్దున లేచి చూద్దునుగదా, ఊరంతా ఎవరో సున్నం కొట్టేసినట్టుంది" అంది. పగలంతా ఇంట్లో ఒక్కతే. టీవీ అర్థం కాదు, ఫోన్ మోగితే భయం. పిల్లలు డేకేర్ నుంచి వచ్చాక ఆమె తెలుగు వాళ్ళకి సగం తెలిసేది కాదు, వాళ్ళ తెలుగు ఆమెకి మొత్తం తెలిసేది కాదు. మమ్మల్ని చూడగానే మొదలుపెట్టిన మాటలు సాయంత్రం దాకా ఆపలేదు. మా ఆవిడ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. నేను భయపడ్డట్టు ఏ ఎత్తిపొడుపూ జరగలేదు, ఒక్కటి తప్ప. అది కూడా నాకే తగిలింది.

నేను మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ గ్లాసు అందిస్తూ చాలా మామూలుగా అంది:

"మీ దేవుడు మీకు సెలవివ్వలేదంటగా, అన్నయ్యగారూ?"

"లేదండీ" అన్నాను.

"మా వీధి గుళ్ళో ప్రతి శనివారం మాలలు కట్టేది నేనే. ఇరవై ఏళ్ళ నుంచి ఒక్క వారం తప్పలేదు. పూజారిగారికి వెళ్తున్నానని చెప్పాను. మరి మాలలు ఎవరు కడతారమ్మా అన్నాడు. ఎవరో ఒకరు కడతార్లెండి, నా కోడలికి మాత్రం ఇంకెవరూ లేరు అన్నాను. సరే వెళ్ళిరమ్మన్నాడు."

మా ఆవిడ తలెత్తలేదు. చిక్కుడుకాయ ఈనె తీస్తూనే ఉంది. నేను నీళ్ళు తాగి హాల్లోకి వచ్చేశాను. 'ఇంకెవరూ లేరు' అన్న మాట ఆవిడ మమ్మల్ని దెప్పడానికి అన్నది కాదు. ఆవిడకి తెలిసిన నిజం అది. ఆ నిజాన్ని తయారుచేసినవాణ్ణి నేను.

జనవరి మూడోవారంలో సంగతి బయటపడింది. బట్టల గది పెద్దావిడ, పొలం పనుల్లో ఆరితేరిన మనిషి, తొమ్మిదిమంది పిల్లల తల్లి. మా ఆవిడ దిగులుగా ఉండటం చూసి ఏమిటని అడిగింది. కూతురికి నెలలు నిండుతున్నాయనీ, ప్రెసిడెంటుగారు సెలవివ్వలేదనీ మా ఆవిడ చెప్పింది. ఆ ముసలావిడకి కోపం వచ్చింది. చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. నేను ఆ సమయానికి అవతలి గదిలో ఆరిన ప్యాంట్లు బండిలోకి ఎత్తుతున్నాను. ఏం జరుగుతోందో నాకు తెలియదు.

పది నిమిషాల్లో ప్రెసిడెంటుగారే కిందికి వచ్చారు. తెల్ల సూటులో ఆయన బేస్‌మెంట్‌కి రావడం అదే మొదటిసారి. ముసలావిడ వెనకాలే ఉంది. ఆయన నేరుగా మా ఆవిడ దగ్గరికి వెళ్ళారు.

"సిస్టర్, మీ అమ్మాయి కాన్పుకి వెళ్ళొద్దని నేనన్నానట. ఎప్పుడన్నానో నాకు గుర్తు రావడం లేదు. అలా అని ఉంటే నన్ను క్షమించాలి."

మా ఆవిడ అయోమయంగా చూసింది. "మా వారు మిమ్మల్ని అడిగారు కదండీ, సెప్టెంబరులో" అంది.

ఆయన నా వైపు తిరిగారు. మెషీన్లు తిరుగుతూనే ఉన్నాయి. వాటి మోత వల్ల ఆయన కొంచెం గొంతు పెంచి మాట్లాడాల్సి వచ్చింది.

"బ్రదర్, మీరు నన్ను అడిగారా?"

"లేదు సర్" అన్నాను.

 ఆయన ముఖంలో కోపం కాదు, రోగం ఇదీ అని తేలాక డాక్టరు ముఖంలో కనిపించే నిదానం కనిపించింది. మా ఆవిడతో, "రేపు బయల్దేరండి. ఆరు వారాలు, ఎనిమిది వారాలు, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండి రండి. బ్రదర్ ఇక్కడ ఉండొచ్చు, మీతో రావొచ్చు, అది మీరిద్దరూ అనుకుని చెప్పండి" అన్నారు. జంటగానే పనిచేయాలన్న పద్ధతికి ఆయన దగ్గర మినహాయింపు ఉంది. అడిగితే మొదటిరోజే తెలిసేది.

ఆ రోజు మా ఆవిడ పని మధ్యలో ఆపలేదు. గంట కొట్టేదాకా గౌన్లు ఇస్త్రీ చేసి, హాంగర్లకి తగిలించి, కోటు వేసుకుని నాతోపాటు, మందిరం పక్కన మాకిచ్చిన అపార్ట్‌మెంట్‌కి నడిచింది. లోపలికి వచ్చాక అడిగింది.

"ఎందుకు?"

పైన రాసినవన్నీ చెప్పాను. చెబుతుంటే నాకే ఎంత చిన్నవిగా వినిపించాయో! ఆమె చివరిదాకా వింది.

"అమ్మాయి పుట్టినప్పుడు మీరు రాలేదు" అంది. "పరీక్ష పేపర్లు దిద్దాలన్నారు. ముప్పై మైళ్ళు. పదకొండో రోజున వచ్చారు. ఆ రోజు నేనేమీ అనలేదు, ఎందుకంటే నా పక్కన మా అమ్మ ఉంది. మీరు రాకపోతే రాకపోయారు. ఈసారి నన్ను కూడా వెళ్ళనివ్వలేదు."

ఆమె మంచం కిందినుంచి పెట్టె లాగి బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

"నేను ఒక్కదాన్నే వెళ్తాను. మీకిక్కడ పనుంది గదా, చేసుకోండి. అమ్మాయికి మాత్రం నేను చెప్పను. మీరే చెప్పాలి. ఫోన్‌లో కాదు."

మర్నాడు ఆమెని రైలెక్కించాను. ప్లాట్‌ఫారం మీద, ఫ్రిజ్‌లో పప్పు ఉందనీ, బియ్యం కడిగేటప్పుడు మూడుసార్లు కడగమనీ చెప్పింది. కోపంలో కూడా నా భోజనం సంగతి మరిచిపోలేదే అని సంతోషించబోయాను. ఆమె మాత్రం నా ముఖంలోకి చూడకుండానే రైలెక్కింది.

ఆ వారాల్లో మందిరం బాయిలర్ చూసుకునే ముసలాయన ఒకడు నాతో ఉండటానికి వచ్చాడు. భార్య పోయి రెండేళ్ళయింది. ఇద్దరం రోజూ ఉడికించిన బంగాళాదుంపలు, నా మాడిన అన్నం తినేవాళ్ళం. పనిలో నా పద్ధతి కాగితం ఇంకా గోడమీదే ఉంది. దాని వైపు చూడబుద్ధయ్యేది కాదు. ముసలావిడ నాతో వారం రోజులు అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. ఎనిమిదో రోజున ఒక డబ్బాలో సూప్ తెచ్చి బల్లమీద పెట్టి వెళ్ళింది.

ఫిబ్రవరి రెండోవారంలో ఆ ముసలావిడే ఫోన్ అందుకుని నన్ను కేకేసింది. మగపిల్లవాడు. తల్లీ బిడ్డా క్షేమం. మా ఆవిడ గొంతు అలిసిపోయి, హాయిగా ఉంది. "మీ నుదురే" అని మాత్రం చెప్పి పెట్టేసింది.

ఆ ఆదివారం ఒక్కణ్ణే కారు నడుపుకుంటూ పిస్కాటవే వెళ్ళాను. తలుపు తీసేసరికి ఇల్లంతా సున్నిపిండి వాసన. బాత్రూంలో మా వియ్యపురాలు పీట మీద కూర్చుని, కాళ్ళు బారచాపి, పసివాణ్ణి కాళ్ళమీద బోర్లా వేసుకుంది. మా ఆవిడ టబ్బు అంచున కూర్చుని చెంబుతో గోరువెచ్చటి నీళ్ళు సన్నగా పోస్తోంది. "నీళ్ళు చల్లారాయేమో చూడండి వదినగారూ" అని ఒకరు, "వీపు కొంచెం గట్టిగా రుద్దండి" అని ఇంకొకరు. మనవరాలు టవల్ పట్టుకుని గుమ్మంలో కాపలా ఉంది. నన్ను చూసి, "తాతయ్యా, షూస్ తియ్యి. బేబీ ఉంది" అని ఆజ్ఞాపించింది.

అమ్మాయి పడగ్గదిలో దిండ్లకి ఆనుకుని ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుని, ముందుమాటలేవీ లేకుండా చెప్పేశాను. ప్రెసిడెంటుగారిని నేను అడగలేదనీ, అమ్మకి అబద్ధం చెప్పాననీ.

అది దుప్పటి పక్కకి తోసి నిటారుగా కూర్చుంది.

"నెలనెలా కనిపించారు కదా నాన్నా. అక్టోబర్, నవంబర్, డిసెంబర్. ఒక్కసారి కూడా చెప్పలేదే?"

"సిగ్గేసిందమ్మా."

"నన్నడిగి ఉంటే, పర్లేదులే, మీ సేవ పూర్తిచేసుకోండి అనేదాన్నేమో. ఐ మైట్ హ్యావ్. కానీ మీరు ఎవ్వర్నీ అడగలేదు. అమ్మని అడగలేదు, నన్నడగలేదు, ఆయన్నీ అడగలేదు. అందరి తరఫునా మీరే డిసైడ్ చేసేశారు."  బాలింతని ఏడిపిస్తున్నానే అని నాకు భయమేసింది. అది ముక్కు తుడుచుకుని, "నాకింకా కోపంగానే ఉంది" అంది.

"ఉండాలమ్మా" అన్నాను.

ఈలోగా మా ఆవిడ తువ్వాల్లో చుట్టిన పిల్లాణ్ణి తీసుకొచ్చింది. నన్నూ అమ్మాయినీ చూసి, చెప్పడం అయిందని గ్రహించింది. అమ్మాయి చేతులు చాచలేదు. "నాన్నకివ్వు. నేను వెళ్ళి స్నానం చేసొస్తాను" అంది. ఎర్రగా, ముడుచుకుపోయి, సాంబ్రాణి వాసనతో వాడు నా చేతుల్లోకి వచ్చాడు. నా జీవితంలో మూడు రోజుల బిడ్డని ఎత్తుకోవడం అదే మొదటిసారి. పెద్ద పిల్లలిద్దర్నీ మెడ నిలిచేదాకా ఎత్తుకోవడానికి భయపడ్డాను, మా అమ్మాయిని కూడా అంత పసిగుడ్డుగా నేను ఎత్తుకోలేదు. మా ఆవిడ నా మోచేతిని పట్టుకుని కొంచెం పైకి జరిపి, "తల కింద పెట్టండి చెయ్యి" అంది. మూడువారాల తర్వాత నాతో కోపం లేకుండా అన్న మొదటి మాట అది.

మా ఆవిడ ఎనిమిది వారాలు ఉండి తిరిగివచ్చింది. వచ్చిన మర్నాడే తనంతట తను ప్రెసిడెంటుగారి గదికి వెళ్ళి, నెలకోసారి కాదు, రెండు వారాలకోసారి కూతురింటికి వెళ్తామని చెప్పి వచ్చింది. ఆయన సరేనన్నారట, ఏమీ ఆలోచించకుండా. మిగిలిన నెలలన్నీ అలాగే గడిచాయి. అలసట పెరిగింది. కారు రెండుసార్లు దారిలో ఆగిపోయింది. పనిలో నేను ముందున్నంత చురుగ్గా లేను, అందుకు ఎవరూ నన్నేమీ అనలేదు.

వేసవిలో, మా వియ్యపురాలు బాపట్ల వెళ్ళిపోయే ముందు, మందిరం చూపించమని అడిగింది. అల్లుడు అందర్నీ తీసుకొచ్చాడు. లోపలికి రాకూడదు కాబట్టి బయట తోటలో తిరిగారు. ఆవిడ తలెత్తి ఆ తెల్లటి గోపురాల్ని చూసి, చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుని, "మీరు బట్టలుతికేది ఎటువైపండీ?" అని అడిగింది. నేలకి ఆనుకుని ఉన్న చిన్న కిటికీ చూపించాను. పిల్లలు గడ్డిమీద బోర్లా పడుకుని అందులోంచి లోపలికి తొంగిచూశారు. మెషీన్ పక్కనున్న ముసలావిడ వాళ్ళని చూసి చెయ్యి ఊపింది.

ఏడాదిన్నర ముగియడానికి ఇంకా మూడు నెలలు ఉండగా మా ఆవిడకి జ్వరం వచ్చి, ఐదువారాలు వరుసగా వెళ్ళలేకపోయాం. తర్వాత వెళ్ళినప్పుడు చిన్నవాడు ఎనిమిదోనెలలో ఉన్నాడు. పాకుతున్నాడు. వాళ్ళ అక్క నన్ను చూపించి, "లుక్, తాతయ్య వచ్చాడు" అంది. వాడు నా ముఖంలోకి చూసి, పెదవి విరిచి, గట్టిగా ఏడుపు లంకించుకున్నాడు. ఎత్తుకోబోతే వాళ్ళమ్మ మెడ పట్టుకుని వదల్లేదు.

"కొత్త చేస్తున్నాడు, నాన్నా. ఏమనుకోకండి" అంది అమ్మాయి.

నేను అనుకోలేదు. హాల్లో కార్పెట్ మీద కూర్చున్నాను. వాడి వైపు చూడకుండా, వాడి చెక్క దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ, పడగొడుతూ కూర్చున్నాను. మోకాళ్ళు పట్టేశాయి. భోజనానికి పిలిస్తే పళ్ళెం అక్కడికే తెమ్మన్నాను. వాడు సోఫా వెనకనుంచి చూశాడు. వెళ్ళిపోయాడు. మళ్ళీ చూశాడు. ఆ రోజు రాలేదు. మర్నాడు, సోమవారం, పొద్దుటి నుంచి మళ్ళీ కూర్చున్నాను. మధ్యాహ్నం రెండు దాటాక మెల్లగా పాకుతూ వచ్చి, నా ప్యాంటు పట్టుకుని లేచి నిలబడి, నేను పేర్చిన దిమ్మెల్ని ఒక్క దెబ్బకి పడగొట్టి నవ్వాడు.

మేం మూడింటికి బయల్దేరాలి.